మాటలు లేకుండా ఏడవమన్నవాడు

ఈ మనిషి గురించి నేను ఎప్పుడో రాసి ఉండాల్సింది. రాయకపోవడానికి కారణం దయ కాదు, మరుపు అంతకన్నా కాదు. అప్పట్లో నాకు అక్షరాలు రావు. పెళ్ళయి శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు నుంచి కలకత్తా వచ్చి, ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే గది ఇంట్లో కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, వాళ్ళ పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకున్నాక గాని నేను అ ఆలు దిద్దలేదు. మా మనవలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఒక బ్యాంకు ఆఫీసరుగారి భార్య ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతుంటే వాళ్ళను తీసుకెళ్ళి వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు పిల్లలు మానేశారు. నేను మానలేదు. ఆమె నా కూతురికంటే చిన్నది. టీచరమ్మా అని పిలుస్తాను.

అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం సరుకుల పేర్లు, మనవల పేర్లు, మా ఊరి పేరు, ఇవే రాసుకుంటూ గడిపాను. మొన్న పాత జైలు ఎదుట టీ కొట్టులో అతని ఫొటో చూశాను. గోడకు మేకు కొట్టి తగిలించి రజనీగంధ పూల దండ వేశారు. పోయి నాలుగు రోజులైందట. "అలాంటి మనుషులు ఇంక పుట్టరు" అంటున్నాడు ఒకతను బిస్కెట్టు టీలో ముంచుతూ. ఇంటికొచ్చి కలం తీశాను.

"పోయినోల్ల మీద ఏల రాత్తావమ్మా?" అంది మా అమ్మాయి.

"ఉన్నోల్ల మీద రాత్తే గొడవలవుతాయి గదే" అన్నాను.

అతని పేరు నాకు తెలుసు. రాయను. పేరు రాస్తే పేరైనా నిలుస్తుంది.

అతను ఆ జైల్లో వార్డరు. ఇప్పుడది మ్యూజియం. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్తే ఉరికంబం, గానుగ, ఒంటరి గదులు, నడిమధ్య గంట స్తంభం చూడొచ్చు. కాఫీ కూడా దొరుకుతుంది. తెల్లవాళ్ళ కాలంలో కట్టింది. నేను వెళ్ళే రోజుల్లో అందులో మనుషులుండేవారు. ఎర్రటి పెద్ద తలుపు, ఆ తలుపులో ఇంకొక చిన్న తలుపు ఉండేవి. పెద్దది నేనెప్పుడూ తెరవగా చూడలేదు. ఎంతటివాడైనా ఆ చిన్న తలుపులోంచి నడుం వంచి దూరాల్సిందే. అన్నేళ్ళు అలా దూరి దూరి అతనికి ఎత్తైన ద్వారం దగ్గర కూడా తల వంచడం అలవాటైపోయింది. ఉద్యోగం మానేసి ముసలివాడయ్యాక మందుల షాపులోకి వెళ్తూ వంగడం చూశాను. షాపుకు అసలు తలుపే లేదు, షట్టరు పైకెత్తి ఉంది. ఆ రోజు నాకు చాలా బాగా అనిపించింది.

ఖైదీలను చూడ్డానికి వెళ్ళడాన్ని అక్కడ ములాకాత్ అంటారు. ఒక పొడుగాటి గది. దానికి అడ్డంగా ఇనుప జాలీ, మధ్యలో మనిషి పట్టేంత సందు, ఆ సందుకు అవతల ఇంకో జాలీ. ఇటు మేము, అటు వాళ్ళు. అందరూ ఒక్కసారే అరిచేవారు. నీ మనిషి నోరు కదలడం కనిపించేది గాని వినపడేది పక్కవాడి మనిషి గొంతు. ఆ రెండు జాలీల మధ్య సందులో అటూ ఇటూ నడవడమే అతని పని. మెల్లగా నడిచేవాడు. ఇస్త్రీ చొక్కా. జేబులో చిన్న దువ్వెన. నోట్లో ఎప్పుడూ సోపు గింజలు. దగ్గరికి వస్తే సోపు వాసన ముందు వచ్చేది. తల ఒక పక్కకు వాల్చి, నేలకేసి చూస్తూ వినేవాడు. అందరూ అరుస్తున్న చోట అతనొక్కడికే అన్నీ వినపడేవి.

తిట్టడం ఎరగడు. చెయ్యి చేసుకోవడం ఎరగడు. లంచం పుచ్చుకునేవాడు కాదు. పుచ్చుకునేవాడైతే ఎంత బాగుండును. మా గల్లీలో ప్రతివాళ్ళూ ఏదో ఒక వార్డరుకు ఏదో ఒకటి ముట్టజెప్పి పని జరుపుకున్నవాళ్ళే. మా ఆయన ఉన్న వార్డు ములాకాత్‌కు మాత్రం ఇతనిదే డ్యూటీ. ఇతను నిజాయితీపరుడు.

మా ఆయన ఖిదిర్‌పూర్ డాక్‌లో కూలీ. ఓడ లోపలి నుంచి చక్కెర బస్తాలు కొక్కెంతో లాగి ఎత్తే ముఠాలో ఉండేవాడు. ఒకరోజు రెండు ముఠాల మధ్య తగువు వచ్చి, అవతలి ముఠా సర్దారు తలకు కొక్కెం దిగి చనిపోయాడు. పోలీసులు దొరికినవాళ్ళను దొరికినట్టు తీసుకుపోయారు. అందులో మా ఆయన ఒకడు. మొగుడి పేరు నోటితో అనకూడదని నన్ను పెంచారు. మొదటిసారి ఒంటరిగా వెళ్ళినప్పుడు ఎవరికోసం వచ్చావని ఇతను అడిగాడు. నేను మా పెద్దాడి పేరు చెప్పి వాళ్ళ నాన్న అన్నాను. అతనికి విషయం వెంటనే అర్థమైంది. చెవి దగ్గర అరచెయ్యి డొప్పలా పెట్టుకుని, "ఎవరు? వినపడలేదు" అన్నాడు. పేరు చెప్పేవరకూ ఆ చెయ్యి దించలేదు. వెనక వరసలో వాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. ఆ తరవాత వెళ్ళినప్పుడల్లా, నా మొహం తెలిసి కూడా, ఆ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళేది.

ఇది చిన్న విషయం. దీనికోసమైతే కలం పట్టను.

జైలు రూలు పుస్తకంలో ఒక మాట ఉందట. ఖైదీతో మాట్లాడే మాట కాపలా ఉన్నవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అన్ని జైళ్ళలోనూ ఉంటుందని వకీలు చెప్పాడు. మిగతా వార్డర్లు పట్టించుకునేవారు కాదు. ఇతను మొదటి రోజే జాలీ మీద తాళంచెవుల గుత్తితో కొట్టి, "బాంగ్లా. లేకపోతే హిందీ" అన్నాడు. అప్పటికి నాకు బజారు హిందీ వచ్చు. మా ఆయనకు డాక్ హిందీ వచ్చు. మా అత్తకు తెలుగు తప్ప ఏదీ రాదు.

మా అత్త కొడుకు కోసం మా ఊరి నుంచి రైలెక్కి వచ్చింది. ముక్కుకు పెద్ద బేసరి పెట్టుకునేది. ఆవిడకు కావలసింది ఒక్కటే. కొడుకును ఎదురుగా నిలబెట్టి, కొట్టింది నువ్వేనా అని అడగాలి. అవునన్నా సరే, కాదన్నా సరే, వాడి నోటితో వినాలి.

"సంపినోడికైనా నానే అమ్మని. గానీ ఆడు సంపినాడో లేదో నాకు తెలాలా వద్దా?" అనేది.

నేను హిందీలో అడగొచ్చు. కాని సందులో ఇతను ఉన్నాడు. జాలీ దగ్గర కేసు మాట ఒక్కటి కూడా ఎత్తొద్దని వకీలు గట్టిగా చెప్పాడు. వార్డరు విన్నదాన్ని రేపు కోర్టులో చెప్పగలడు. తెలుగులో అడగనివ్వరు, హిందీలో అడగకూడదు. కోర్టులో దూరం నుంచి చూడనిచ్చేవారు గాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. వకీలు చేత అడిగిద్దామంటే అత్త ఒప్పుకోలేదు. "నా కొడుకుని ఇంకొకడు అడిగి వొచ్చి నాకు సెప్పీదేటి?" అంది. అలా రెండు మూడుసార్లు వెళ్ళి, కూర్చుని, కొడుకు మొహం చూసి తిరిగొచ్చింది.

ఒకరోజు ట్రాములో నా చెవిలో అంది. "ఒలే, నానొకటి సేత్తాను. ఈ తూరి ఏడుత్తాను."

"ఏడితే ఏటవుద్దత్తా?"

"ఏడుపులో ఎట్టి అడుగుతాను. తల్లి ఏడుపుకి ఆడేటి అడ్డం పడతాడు?"

మా వైపు ఆడవాళ్ళు ఏడిస్తే మాటలతో ఏడుస్తారు. రాగం తీసి, గుండె కొట్టుకుంటూ, చెప్పుకోవలసినవన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. పోయినవాడి అప్పూ, వాడు మిగిల్చిన పనీ, తోడికోడలు చేసిన ద్రోహమూ, అన్నీ అందులో వస్తాయి. ఎవరూ తప్పు పట్టరు. అత్త ఆ నమ్మకంతో వెళ్ళింది.

ఒక చేత్తో జాలీ పట్టుకుని, ఇంకో చేత్తో గుండె కొట్టుకుంటూ మొదలుపెట్టింది. "ఓలమ్మో నా బాబో, సముద్రం ఒడ్డున పుట్టినోడివి గోడలెనకాల పడ్డావా నా బాబో..." అవతల మా ఆయన బిత్తరపోయి చూస్తున్నాడు. చుట్టూ అరుపులు. అత్త గొంతు పెంచింది. "ఆ కొక్కెం నీ సేతిలోదేనా నా బాబో... నోటితో సెప్పలేకపోతే తలకాయైనా ఊపు నా బాబో..."

ఇతను సందులో ఆగాడు. తల పక్కకు వాల్చాడు. అంతసేపు ఎవరి దగ్గరా నిలబడి విని ఎరగడు. తరవాత నా వైపు తిరిగాడు.

"ఇది ఏడుపు కాదు. ఇందులో మాటలున్నాయి" అన్నాడు.

"మా దేశంలో ఇలాగే ఏడుస్తారు బాబూ" అన్నాను హిందీలో.

"ఏమంటోంది?"

"కొడుకు చిక్కిపోయాడంటోంది."

"చిక్కిపోయాడనడానికి ఇంత పొడుగు మాటలా?" అన్నాడు. కోపంగా అనలేదు. సోపు నములుతూ కాసేపు ఆలోచించాడు. "ఏడవద్దని నేను అనను. తల్లి కదా. ఏడవమను. మాటలు లేకుండా ఏడవమను."

నేను కదల్లేదు. "చెప్పు ఆమెకు. లేకపోతే ఇద్దరినీ బయటికి పంపేస్తాను" అన్నాడు.

చెప్పాను. మా అత్తకు ఆ మాట తెలుగులో చెప్పిన నోరు నాది. అలా చెప్పించాడు. అత్త నా మొహం చూసింది, అతని మొహం చూసింది. మాటలు లేకుండా ఏడవడం ఆవిడకు తెలీదు. మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. కొంగు నోట్లో కుక్కుకుని ఊరుకుంది. అవతల నుంచి మా ఆయన, "ఏటమ్మా? ఏటన్నావు?" అని అరిచాడు, తెలుగులో. తాళంచెవుల గుత్తి అటు జాలీ మీద పడింది. ములాకాత్ అయిపోయింది.

అత్త మళ్ళీ ఆ గోడల దాకా రాలేదు. "నోరు మూసుకుని సూడ్డానికి ఆడేటి పటవా?" అంది. వానలు మొదలయ్యాక జ్వరం పట్టి మా గదిలోనే పోయింది. కొడుక్కి తలకొరివి పెట్టే అనుమతి సాయంత్రానికి వచ్చింది. దహనం మధ్యాహ్నమే అయిపోయింది.

కొన్నేళ్ళకు కొట్టినవాడెవడో తేలి, మా ఆయన్ను వదిలేశారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అన్న మొదటి మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "పోలీసోడైనా అడిగినాడు, నువ్వు కొట్టినావా అని. మాయమ్మ అడగలేదు. అడక్కుండానే నమ్మీసింది. నమ్మింది గాబట్టే అలాగ గుండి బాదుకుంది."

నేను చెప్పాను. ఆవిడ అడిగిందని, ఏడుపులో పెట్టి అడిగిందని, తల ఊపమందని. ఆ రోజు చెప్పాను, తరవాత ఎన్నోసార్లు చెప్పాను. "నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావు" అనేవాడు. డాక్‌లో ఎవరు ఏ తగువులో పిలిచినా వెళ్ళడం మానేశాడు. తల్లి ఫొటో ఇంట్లో పెట్టనివ్వలేదు. ఆ నమ్మకంతోనే పోయాడు.

అందువల్ల ఇతను పెన్షను పుచ్చుకుని మంచివాడైపోవడం నాకు నచ్చలేదు.

ఖైదీలను ఊరి బయట కొత్త జైలుకు తరలించి, పాతదానికి రంగులేసి మ్యూజియం చేశాక, ఇతను రోజూ వచ్చి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఎవరూ జీతం ఇవ్వలేదు. అందరూ దాదూ, అంటే తాతగారూ, అనేవారు. వచ్చినవాళ్ళకు కథలు చెప్పేవాడు. తను పుట్టకముందు ఉరి తీసిన దేశభక్తుల ఆఖరి మాటలు కూడా పక్కన నిలబడి విన్నట్టే చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఎదుట ఉన్నవాళ్ళను వేలితో గాలిలో లెక్కపెట్టుకునేవాడు, సాయంత్రం తాళం వేసేముందు ఖైదీలను లెక్కపెట్టినట్టు. నేను రోడ్డు అవతల నుంచి చూసేదాన్ని. నన్ను గుర్తుపట్టలేదు.

పోయిన చలికాలంలో టీచరమ్మ తల్లి, ఆమె స్నేహితురాళ్ళు గుంటూరు నుంచి వచ్చారు. గంగాసాగర్ చూసుకుని గయ వెళ్తారట. అందరూ పెద్దవాళ్ళు. తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. "మీరు కాస్త మ్యూజియం చూపించి, అక్కడ వాళ్ళు చెప్పేది తెలుగులో చెబుతారా అమ్మా? నాకు సెలవు దొరకలేదు" అంది టీచరమ్మ. సరేనన్నాను.

మమ్మల్ని చూడగానే ఇతను కుర్చీలోంచి లేచాడు. గానుగ చూపించాడు, ఎద్దుల బదులు మనుషుల్ని కట్టి నూనె తీయించేవారని చెప్పాడు. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. ఉరికంబం దగ్గర చెప్పిందీ చెప్పాను. తరవాత జాలీ గదిలోకి తీసుకెళ్ళాడు. సందులో లైటు పెట్టారు. అతను ఆ సందు ముందు నిలబడి, బెంగాలీలో మెల్లగా, బాగా చెప్పాడు.

"ఇక్కడే తల్లులు కొడుకులను చూసుకునేవారు. మేమూ మనుషులమే కదా. అటు తిరిగి కళ్ళు తుడుచుకునేవాళ్ళం. తల్లి ఏడుస్తుంటే ఆపేవాణ్ణి కాదు. కడుపు నిండా ఏడవనిచ్చేవాణ్ణి."

"ఏమంటున్నాడమ్మా?" అంది మిర్చి యార్డు పక్కన ఇల్లున్న పెద్దావిడ.

నేను గొంతు సవరించుకున్నాను. "ఈ సందులో కాపలా ఈయనేనంటండి. తల్లులొచ్చి తెలుగులో మాటాడితే బయటికి పంపీసేవోడంట. ఒక ముసిలమ్మ కొడుకుని ఒక్క మాట అడగాలని వొచ్చి, అడగనివ్వకపోతే ఏడుపులో ఎట్టి అడిగిందంట. ఈయన కనిపెట్టీసి, ఏడితే ఏడు గానీ మాటలు లేకుండా ఏడు అన్నాడంట. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుందంట. మరింక రాలేదంట."

అతను ప్రతి ముక్కకూ తల ఊపుతున్నాడు. తన మాటలే తెలుగులో వెళ్తున్నాయని అతని సంతోషం.

"మరి అలా నవ్వుతూ చెబుతాడేం, సిగ్గూ ఎగ్గూ లేకుండా?" అంది టీచరమ్మ తల్లి.

"రోజూ సెప్పి సెప్పి అలవాటైపోనాదండి" అన్నాను.

మిర్చి యార్డు పెద్దావిడ ముందుకొచ్చి అతని మొహంలోకి చూసింది. "ఏమయ్యా, నిన్ను కన్నది తల్లి కాదూ?"

"ఏమడుగుతున్నారు?" అన్నాడు నాతో.

"మీ అమ్మగారి గురించి అడుగుతున్నారు."

అతని మొహం మారిపోయింది. వాళ్ళ అమ్మ ఊళ్ళో చావుబతుకుల్లో ఉందని కబురొచ్చిన రోజు జైల్లో ఏదో గొడవై ప్రమాద గంట మోగిందట. ఆ గంట మోగితే గేట్లు మూసేస్తారు, వార్డరు కూడా బయటికి పోకూడదు. ఇతను వెళ్ళేసరికి చితి చల్లారిపోయింది. "ఆఖరికి నన్నేదో అడిగిందట. ఏమడిగిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు" అన్నాడు. ఏడుపూ మాటా కలిసి వస్తున్నాయి.

"ఇప్పుడేమంటున్నాడు?"

"ఏటీ లేదండి. ఇప్పుడు ఏడుపొత్తందంట."

"ఏడవనీ" అంది పెద్దావిడ. "శుభ్రంగా ఏడవనీ."

వాళ్ళలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఆ జాలీ ముసలమ్మ కోసం. ఇతను అది చూశాడు. ఒక్కొక్కరికీ వంగి దణ్ణం పెట్టాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

అక్కడ చెడింది నాకు. ఇంటికొచ్చాక తెలిసింది. వాళ్ళందరి ముందు అతని నోటినుంచే అతను చేసిన పని చెప్పించాను. కాని అతనికి చేరింది ఏమిటి? ఊరు కాని ఊరి ఆడవాళ్ళు తన తల్లి కోసం కన్నీళ్ళు పెట్టుకున్నారని. నేను అతనికి ఓదార్పు ఇచ్చి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. మ్యూజియం ఇంకా తెరవలేదు. టీ కొట్టులో మట్టి కప్పుతో టీ తీసుకుని, అతను కూర్చున్న బల్ల మీదే కూర్చున్నాను.

"నిన్న మీవాళ్ళు ఎంత మంచివాళ్ళు మాషీ" అన్నాడు, పిన్నీ అన్నట్టు. "మా అమ్మ కోసం ఏడ్చారు."

"మీ అమ్మ కోసం కాదు" అన్నాను.

మొత్తం చెప్పాను, బెంగాలీలో. నిన్న అతని పేరు మీద నేను తెలుగులో ఏం చెప్పానో మొదటి నుంచి చివరి దాకా. అతని తల్లి మాట వాళ్ళకు చెప్పలేదని కూడా చెప్పాను. తల ఒక పక్కకు వాల్చి, నేలకేసి చూస్తూ విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. తలెత్తాడు.

"ముక్కుకు ఇంత పెద్ద నగ ఉండేది" అన్నాడు. "గుర్తుంది. ఆ ఏడుపులో ఏదో ఉందని నాకు ఆ రోజే తెలుసు. అంతమంది మాటలు విన్నాను, అదొక్కటి అందలేదు. ఇంటికెళ్ళాక కూడా అనుకునేవాణ్ణి. కొడుకును ఏదో అడిగిందన్నావు. ఏమడిగింది?"

నేను టీ ఊదుకుని తాగాను.

"చెప్పు మాషీ. ఇప్పుడు జైలూ లేదు, ఖైదీ లేడు. ఏమడిగింది?"

రెండు ముక్కల మాట. ఇప్పుడు నాకు బెంగాలీ బాగా వచ్చు. టీ అయిపోయింది. కప్పు బుట్టలో పడేసి లేచాను. అతను కూడా లేవబోయాడు, మోకాళ్ళు సహకరించలేదు. "మాషీ, ఓ మాషీ" అని వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. రోడ్డు దాటి ఏక్‌బాల్‌పూర్ బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది.